రెండు నల్ల మిఠాయిలు

కొండకు వెళ్ళే ప్రతి ఉదయం, కొండదారి గేటు దగ్గర కుమెతా గారు మనిషికి రెండు మిఠాయిలు ఇస్తారు. నల్ల కాగితంలో చుట్టింది నల్లబెల్లంది, తెల్ల కాగితంలో చుట్టింది పుదీనాది. రెండూ ఒకే సైజు. పిడికిట్లో పెట్టుకుంటే ఏది ఏదో పక్కవాళ్ళకు తెలియదు. ఊళ్ళో కొట్టు కొట్టూ తిరిగి ఆవిడ వాటిని ఏరుకున్నది అందుకే.

దిగాల్సిన వాలు అంచుకు చేరాక ఆవిడ తన ఊలు టోపీ తీసి అందరి మధ్యా తిప్పుతారు. దిగుదామనుకున్నవాళ్ళు తెల్లది వెయ్యాలి. వద్దనుకున్నవాళ్ళు నల్లది వెయ్యాలి. చేతిలో మిగిలినదాన్ని అక్కడికక్కడే, అందరికీ వీపు తిప్పి నోట్లో వేసుకుని, దాని కాగితం జేబులో దాచుకోవాలి. టోపీలో ఒక్క నల్లది కనబడినా ఆ రోజుకి ఆ వాలు మాకు లేనట్టే. ఎవరు వేశారని అడగకూడదు, ఎందుకు వేశారనీ అడగకూడదు. ఆవిడకే వద్దనిపిస్తే అసలు టోపీ తీయరు, నేరుగా వెనక్కి తిప్పేస్తారు. ఆవిడ సరేనన్న చోట కూడా వద్దనడానికి మాకు ఇంకో తలుపు ఉండాలని ఈ టోపీ.

"పళ్ళ డాక్టర్ని ఎదురుగా పెట్టుకుని పొద్దున్నే మిఠాయిలు పంచుతున్నారు. మీకు భయం లేదా?" అంది తోబే, రెండూ అందుకుంటూ.

"మీ వ్యాపారమే పెంచుతున్నానమ్మా. కృతజ్ఞత లేకపోతే ఎలా?" అన్నారు కుమెతా గారు. ఆవిడ ముఖంలో నవ్వు రాలేదు. ఆవిడ హాస్యమాడేటప్పుడు ఎప్పుడూ రాదు.

ఆ రోజు మేం ఐదుగురం. కుమెతా గారికి అరవై ఒకటి, ఎబోషి కొండ మీద మార్గదర్శిగా ముప్పై ఐదేళ్ళ అనుభవం. నేను ఆవిడ గుంపులకు తోకని, అంటే అందరికన్నా చివర నడుస్తూ ఎవరూ వెనకబడకుండా చూసేవాణ్ణి. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను కాబట్టి అందరికీ మాస్టారినే. మిగతా ముగ్గురూ సపొరో నుంచి వచ్చినవాళ్ళు, ఒకప్పుడు ఒకే కాలేజీ స్కీ క్లబ్బువాళ్ళు. పెద్దాయన అనెసాకి, డెబ్భై ఒకటి. ఆయనకన్నా పదేళ్ళు చిన్నవాడు మురోయి, భారీ మనిషి, నోరు ఊరుకోదు. పళ్ళ డాక్టరు తోబే అందరికన్నా చిన్నది, యాభై ఎనిమిది. నలభై ఏళ్ళు గడిచినా క్లబ్బులో ఎవరు ముందు చేరారన్నది వాళ్ళ మధ్య చెరగలేదు. అనెసాకి కూర్చుంటే తప్ప మిగతా ఇద్దరూ కూర్చోరు.

ప్రతి జనవరి చివర్లో వాళ్ళు కాంబా పల్లం దిగడానికి వస్తారు. కొండకు ఉత్తరం వైపు, భూర్జ చెట్లు పల్చగా నిలబడ్డ పెద్ద గిన్నెలాంటి వాలు అది. దాన్ని మొదట స్కీల మీద దిగింది అనెసాకే. ముప్పై మూడేళ్ళుగా ఒక్క ఏడూ తప్పలేదు. ఈ ఏడు ఆఖరు. ఆయన కళ్ళు పోతున్నాయి. చూపు మధ్యలో మచ్చ పెరుగుతోందనీ, వచ్చే చలికాలానికి మంచు మీద ఎత్తుపల్లాలు కనబడవనీ డాక్టర్లు చెప్పారు. ఈ చలికాలంలోనే రెండుసార్లు వచ్చి తుఫాను వల్ల గేటు దగ్గర నుంచే తిరిగి వెళ్ళారు. ఇది మూడోసారి. సాయంత్రం నాలుగింటి రైలుకి టికెట్లు ఉన్నాయి.

"అన్నా, ఇవాళ మిమ్మల్ని భుజాన మోసుకెళ్ళయినా దింపేస్తాను," అన్నాడు మురోయి.

"నువ్వు మోస్తే ఇద్దరం కలిసి దొర్లుతాం. నా కళ్ళు పోతున్నాయి గాని బుర్ర పోలేదురా," అన్నాడు అనెసాకి.

కుమెతా గారు ఒక్కొక్కరినీ తన ముందు నుంచి నడిపించి, ఛాతీకి కట్టుకున్న బీకన్ పనిచేస్తోందో లేదో చూశారు. మంచు కింద పడ్డ మనిషిని వెతకడానికి దాని సంకేతమే ఆధారం. మురోయి దగ్గర ఆవిడ చేతిలోని పరికరం పిచ్చిగా కూసింది.

"ఫోను ఎక్కడ పెట్టారు?"

"గుండె జేబులో."

"బీకన్ పక్కన ఫోను పెడితే నేను మిమ్మల్ని వెతకబోయి మీ ఆవిడ మెసేజీలు వెతకాల్సొస్తుంది. ప్యాంటు జేబులోకి మార్చండి."

అందరూ నవ్వారు, మార్చేదాకా ఆవిడ కదలలేదు. పారలు, మంచులో గుచ్చి మనిషిని వెతికే మడత కడ్డీలు అన్నీ సంచులు విప్పించి కళ్ళతో చూశాకే గేటు తీశారు. నాకు ఆవిడలో నచ్చేది ఇదే. ముప్పై ఐదేళ్ళుగా చేస్తున్న పని కదా అని ఒక్క రోజు కూడా ఊహతో సరిపెట్టరు. నా సంచిని కూడా కొత్తవాడి సంచిలాగే చూస్తారు.

బయలుదేరే ముందు నన్ను పక్కకు పిలిచారు. మోకాలి ఇంజెక్షన్ల కోసం ఆవిడ ఐదు రోజులు ఊళ్ళో లేరు. ఆ ఐదు రోజులూ వాతావరణం పుస్తకం రాసింది నేనే.

"ఇరవై ఒకటో తేదీ. ఆకాశం నిర్మలం, మైనస్ పంతొమ్మిది, గాలి లేదు," అని చదివి తలెత్తారు. "ఈకలు పట్టి ఉండాలే ఆ రోజు?"

ఈకలంటే మంచు ఈకలు. నిర్మలంగా, నిశ్చలంగా, బాగా చలిగా ఉన్న రాత్రుల్లో మంచు మీద గాలిలోని తేమే పలకలు పలకలుగా, పక్షి ఈకల్లా లేచి నిలబడుతుంది. వాటంత అందమైనదాన్ని ఈ చేతులతో నేను ముట్టుకోలేదు. కాని వాటి మీద కొత్త మంచు పడి కప్పేస్తే, పేకముక్కలు నిలబెట్టి వాటి మీద గోడ కట్టినట్టే. వారాల తరబడి అలాగే నిలబడి, ఒక్క మనిషి బరువుకు అన్నీ ఒకేసారి ఒరుగుతాయి. పైనున్న మంచంతా పలకలా జారిపోతుంది.

"పట్టాయి. గేటు దగ్గర మధ్యాహ్నం ఎండకు పోయాయి," అన్నాను.

అది నిజమే. గేటు దగ్గరి మాట నిజమే.

"పైన కొండ గట్టు మీద?"

"ఆ సాయంత్రమే పడమటి గాలి లేచింది కదా."

"అయితే గట్టు మీదవీ ఊడ్చుకుపోయుంటాయి. సరే, తవ్వి చూద్దాం." పుస్తకం మూసి నా చేతికిచ్చారు.

నేను చెప్పనిది ఇంకొకటి ఉంది. జనవరి ఇరవై ఒకటి నా భార్య సాయో పోయిన రోజు. మూడేళ్ళయింది. తనకు మంచు ఈకలంటే ప్రాణం. ఆ ఉదయం అంత చలి చూసి ఉండబట్టలేక, మంచుచెప్పులు కట్టుకుని ఒక్కణ్ణే గేటు దాటి వెళ్ళాను. తూర్పు చెట్ల గుండా ఎక్కి, కాంబా పల్లం అంచు దాకా. గేటు అవతలికి ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదన్నది కుమెతా గారి మొదటి నియమం. కొత్తగా వచ్చేవాళ్ళకు ఆ నియమం చదివి వినిపించేది నేనే. అలాంటివాణ్ణి ఏ ముఖం పెట్టుకుని పుస్తకంలో రాస్తాను? రాయలేదు.

ఆ పల్లంలో సూర్యుడు తాకని నీడలో, గాలి చొరని చెట్ల మధ్య, ఈకలు చిటికెన వేలి గోరంత పొడవున తళతళలాడుతూ నిలబడ్డాయి. ఆ తర్వాత రెండు రోజుల పాటు మంచు పడింది.

మూడు గంటలు ఎక్కాం. స్కీల అడుగున అంటించిన పట్టీలు మంచును పట్టుకుని కరకరలాడుతున్నాయి. ముందు కుమెతా గారు. ఆవిడ నడక చూస్తే ఎక్కుతున్నట్టుండదు, వింటున్నట్టుంటుంది. ప్రతి మలుపులో కర్ర తిరగేసి పిడిని మంచులోకి నెమ్మదిగా దింపుతారు, తీస్తారు, ముందుకు సాగుతారు. చిన్న గుట్ట కనబడితే దాని నెత్తిన తొక్కి చూస్తారు. కాస్త ఏటవాలుగా ఉన్న జాగా రాగానే చెయ్యెత్తుతారు, మేం ఒక్కొక్కరమే దాటాలి. ఒకరు దాటుతుంటే మిగతావాళ్ళు కళ్ళార్పకూడదు. మురోయి దాటేటప్పుడు కూడా మాట్లాడుతూనే ఉన్నాడు.

"నోట్లో గాలి ఆదా చేసుకోండి మురోయి గారూ. కింద పడితే పనికొస్తుంది," అని అరిచారు ఆవిడ.

గట్టు మీదికి రాగానే గాలి ముఖాన కొట్టింది. నిలబడటమే కష్టంగా ఉంది. ఇలాంటి రోజుల్లో ఈ కొండ ఎరిగిన వాళ్ళంతా చేసేది ఒక్కటే, గాలి లేని చెట్లలోకి దిగిపోవడం. చెట్లలో మంచు మెత్తగా పడుతుంది, దారి కనబడుతుంది, ప్రాణం కుదుటపడుతుంది. కాంబా పల్లం మా కాళ్ళ కిందే ఉంది. భూర్జ చెట్ల తెల్లటి బోదెల మధ్య ఒక్క గీత కూడా పడని కొత్త మంచు. అనెసాకి కళ్ళద్దాలు తుడుచుకుని, తల కొంచెం పక్కకు వంచి చూశాడు. చూపు మధ్యలో మచ్చ ఉన్నవాళ్ళు అలా ఓరగా చూస్తారు.

"కనబడుతోందా అన్నా?" అంది తోబే.

"కనబడుతోందమ్మా. ఎడమ పక్క రెండు కొమ్మల చెట్టు ఇంకా ఉంది."

మురోయి ముఖం తిప్పుకుని ముక్కు చీదుకున్నాడు.

గట్టు మీద కుమెతా గారు గొయ్యి తవ్వారు. మంచును గుంజలా కోసి, దాని మీద పార పెట్టి, మొదట మణికట్టుతో పది దెబ్బలు, తర్వాత మోచేతితో పది, చివర భుజంతో పది వేశారు. గుంజ కదల్లేదు. ఈకల జాడ లేదు. గాలి ఊడ్చేసింది.

"గట్టు బాగుంది. కాని గట్టు సంగతి గట్టుదే, పల్లం సంగతి పల్లానిదే," అన్నారు. కిందికి చూశారు. అనెసాకి వైపు చూడలేదు, చూడకూడదనుకుని చూడలేదని నాకు తెలిసింది. "ఇప్పటికి నా దగ్గర వద్దనడానికి ఏమీ లేదు. టోపీ తిప్పుతున్నాను."

ఈ టోపీ ఎందుకొచ్చిందో నాకు ఒకసారి చెప్పారు. ఇరవై రెండేళ్ళ క్రితం ఆవిడకు పని నేర్పిన పెద్దాయన ఒక గుంపును తీసుకెళ్ళాడు. ఆయన మాటంటే అందరికీ గౌరవం. ఆ వాలు చూసి దిగుదామన్నాడు, దిగారు, మంచుచరియ విరిగింది. ఆరుగురిలో ఐదుగురు బయటికొచ్చారు, ఆయన రాలేదు. ఆ సాయంత్రం పొయ్యి చుట్టూ కూర్చుని ఒకరు, "నాకెందుకో అప్పుడే వద్దనిపించింది," అన్నారట. తర్వాత రెండోవారు, "నాక్కూడా," అన్నారు. అలా ఐదుగురూ. ఆ ఐదుగురిలో కుమెతా గారు ఒకరు. పెద్దాయన మాటకు అడ్డెందుకు చెప్పడమని ఐదు నోళ్ళు ఊరుకున్నాయి. మరుసటి చలికాలానికి ఆవిడ జేబులో మిఠాయిలు వచ్చి చేరాయి.

టోపీ నా దగ్గరికి వచ్చింది. నల్లది వేశాను. ఆ క్షణంలో నాకు నిజంగానే హాయిగా అనిపించింది. ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు, ఇరవై ఒకటో తేదీ సంగతి నాతోనే ఉండిపోతుంది. వీపు తిప్పి పుదీనా బిళ్ళ నోట్లో వేసుకుని, తెల్ల కాగితం జేబులో దాచుకున్నాను.

కుమెతా గారు టోపీని తొడుగు వేసుకున్న అరచేతిలోకి ఒంపారు. నాలుగు మిఠాయిలు. రెండు తెల్లవి, రెండు నల్లవి.

ఆవిడ వాటిని జేబులో వేసుకుని టోపీ మళ్ళీ పెట్టుకున్నారు.

"అయిపోయింది. పల్లం లేదు," అన్నారు ఆవిడ, అన్నం వండటం అయిపోయిందన్నంత మామూలుగా.

మురోయి తల పట్టుకున్నాడు. "రెండా! రెండెలా... అన్నా, క్షమించండి. నేను మాత్రం..."

"మురోయి గారూ, ఇంకొక్క అక్షరం పలికారంటే వచ్చే ఏడు నుంచి మిమ్మల్ని గేటు దగ్గరే కట్టేస్తాను. ఏది వేశానని చెప్పినా తప్పే, వెయ్యలేదని చెప్పినా తప్పే."

ఆయన నోరు మూశాడు. రెండో నల్లది తోబేదే అయ్యుంటుందని అనుకున్నాను. ఏం చేసినా ముందూ వెనకా చూసుకునే మనిషి. అనెసాకి రెండు కొమ్మల చెట్టు వైపు ఇంకా ఓరగా చూస్తున్నాడు.

"గట్టు మీద ఇంకో పావుగంట నిలబడితే మన ముక్కులు ఇక్కడే ఉండిపోతాయి. తూర్పు చెట్ల గుండా దిగుదాం. అంత నిటారుగా ఉండదు, మధ్యలో ఒక్క చోటే కాస్త ఏటవాలు. మంచు మాత్రం ఇంతే మెత్తన. అనెసాకి గారూ, కాంబా కాకపోయినా దాని చెల్లెలు అనుకోండి," అన్నారు కుమెతా గారు.

"చెల్లెలైనా అందగత్తే," అన్నాడు అనెసాకి. అందరి ముఖాలూ విచ్చుకున్నాయి. మురోయి అప్పుడే స్కీల అడుగు పట్టీలు ఊడదీస్తున్నాడు.

నా నోట్లో పుదీనా చల్లదనం గొంతు దాకా పాకింది. తూర్పు చెట్ల గుండానే ఆ ఉదయం నేను ఎక్కింది. అక్కడా ఈకలు ఉన్నాయి. ఆ ఏటవాలు కిందే సన్నటి వాగు గాడి. పైనుంచి జారిన మంచంతా అందులోకి చేరి మనిషిని నిలువెత్తు లోతున పూడ్చేస్తుంది. టోపీలో నేను వేసిన నల్లది వద్దు అని మాత్రమే చెప్పగలిగింది. ఎందుకో చెప్పలేకపోయింది. ఎందుకో తెలియక కుమెతా గారు అదే ప్రమాదం ఉన్న ఇంకో చోటికి మమ్మల్ని తీసుకెళ్తున్నారు.

ఇప్పుడు ఊరుకుంటే ఈ సాయంత్రం పొయ్యి దగ్గర, నాకప్పుడే వద్దనిపించిందని చెప్పేవాణ్ణి నేనే అవుతాను, అదీ చెప్పడానికి మిగిలి ఉంటే.

"కుమెతా గారూ, ఒక్క మాట."

"చెప్పండి మాస్టారూ."

నలుగురూ చూస్తున్నారు.

"తూర్పు చెట్లలో ఈకలు ఉన్నాయి. పల్లంలోనూ ఉన్నాయి. ఇరవై ఒకటిన చూశాను. నేను... ఒక్కణ్ణే వెళ్ళాను. పుస్తకంలో రాయలేదు. పొద్దున మీరు అడిగినప్పుడూ గేటు సంగతే చెప్పాను."

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. ఆవిడ దగ్గరికి వచ్చారు, గాలికి మాట కొట్టుకుపోకుండా.

"ఎంత పొడవు?"

"చిటికెన వేలి గోరంత."

"నిలబడి ఉన్నాయా, ఒరిగాయా?"

"నిలబడే ఉన్నాయి."

"పైన ఎక్కడ నుంచి మొదలు?"

"ఈ అంచుకు ముప్పై, నలభై అడుగుల కింద నుంచి. గాలి తగలని చోటల్లా."

"మీరు ఎక్కేటప్పుడు కాళ్ళ కింద ధబ్బుమని కూలిన చప్పుడేమైనా?"

"లేదు. అప్పటికి వాటి మీద ఏమీ పడలేదు కదా."

"అవును, పడలేదు." ఆవిడ కళ్ళు మూసి తెరిచారు. "ఎవరూ కదలకండి. మురోయి గారూ, ఆ పట్టీలు మళ్ళీ అంటించండి."

గట్టు వెనక, గాలి మరుగున, పై నుంచి ఏమీ జారిపడటానికి వీల్లేని చిన్న గుంట ఉంది. నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస మురోయి చేతికిచ్చి, ఆవిడ అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని తవ్వారు. ఆ మోకాళ్ళలో ఒకటి ఇంజెక్షన్ తీసుకున్నది. మళ్ళీ మంచు గుంజ, మళ్ళీ పార. మణికట్టు దెబ్బలు పది, ఏమీ లేదు. మోచేతి దెబ్బ ఒకటి. రెండోదానికి గుంజ పై సగం, బల్ల మీద పెట్టిన పుస్తకం జారినట్టు, శబ్దం లేకుండా జారి ఆవిడ ఒళ్ళో పడింది.

మురోయి తాడును ఇంకా గట్టిగా పట్టుకున్నాడు, ఆవిడ కూర్చున్నచోట పడే ప్రమాదమేమీ లేకపోయినా.

"వచ్చి చూడండి. ఒక్కొక్కరే," అన్నారు ఆవిడ.

జారిన చోట, రెండడుగుల మంచు కింద, అవి ఉన్నాయి. ఆరు రోజుల క్రితం నేను చూసినవే. ఒక్క అంచు కూడా చెదరకుండా, చీకట్లో నిలబడి. వెలుగు తగలగానే తళుక్కుమన్నాయి. కుమెతా గారు చిన్న భూతద్దం నా చేతికిచ్చారు. సాయో బతికుండగా ఇద్దరం వంతులవారీగా చూసేవాళ్ళం ఇలాగే, తను ఊపిరి బిగబట్టేది, ఊపిరి తగిలితే కరుగుతాయని. నేనూ బిగబట్టాను.

"ఒక్కరే ఎందుకెళ్ళారు మాస్టారూ?" తోబే మెల్లగా అడిగింది.

"ఆ రోజు మా ఆవిడ పోయిన రోజు. తనకు ఇవి ఇష్టం."

అనెసాకి వంతు వచ్చింది. భూతద్దం కంటికి పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి, నవ్వి తిరిగిచ్చేశాడు. తర్వాత తొడుగు తీసి, చూపుడువేలి కొసతో ఆ వరసను తాకాడు. వేడికి ఒక ఈక కరిగి, వేలి మీద నీటిచుక్కయింది.

"మీ ఆవిడ మంచి చూపున్న మనిషి," అన్నాడు.

పల్లం, తూర్పు చెట్లు రెండూ వదిలేసి వెనక్కి తిరిగాం. గట్టు వెంబడి, గాలి గట్టిగా పేర్చిన మంచు మీద, ముఖాలు దించుకుని గంటసేపు. తర్వాత పాత కలప బండ్ల దారి. పిల్లలకు స్కీ నేర్పడానికి తప్ప ఎందుకూ పనికిరాని వాలు అది. పైన కూలేదీ లేదు, కింద పడేదీ లేదు. ముప్పై మూడేళ్ళ తర్వాత అనెసాకి ఆఖరి రోజుకు దొరికింది ఆ దారి.

"అన్నా, మీరే ముందు. ఒక్క గీత కూడా ఎవరూ పడనివ్వరు," అన్నాడు మురోయి. రెండు చేతులూ చాచి దారికి అడ్డంగా నిలబడ్డాడు, అక్కడ మేం తప్ప ఎవరూ లేకపోయినా.

అనెసాకి బయలుదేరాడు. మొదట జాగ్రత్తగా, తర్వాత కొంచెం వదిలేసి. మోకాలు వంచి, ఎడమకు, కుడికి, ఎడమకు, ముచ్చటైన చిన్న చిన్న మలుపులు. ఆ దారిలో అంతకన్నా వేగం ఎవరికీ రాదు. పాత క్లబ్బు పాట ఏదో ఎత్తుకున్నాడు. రెండో చరణం మరిచిపోతే వెనక నుంచి తోబే అందించింది. మురోయి శ్రుతి తప్పి అందుకున్నాడు.

"మురోయీ, నీ గొంతుకే మంచు జారుతుందిరా, ఆపు!" అని ముందు నుంచి కేక వచ్చింది.

వంపు దగ్గర ఆగి మా కోసం చూస్తున్నాడు. బుగ్గలు ఎర్రబడ్డాయి.

"ఈ దారి పక్కన ఇన్ని దేవదారు చెట్లున్నాయా! ఇన్నేళ్ళూ దీన్ని ఛీ అనుకుంటూ నేల చూపులు చూస్తూ పోయాను," అన్నాడు.

కుమెతా గారు అందరికన్నా వెనక, నా పక్కన వస్తున్నారు. తోక జాగాలో ఆవిడ నడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"పుస్తకం సంచిలోనే ఉందా?" అన్నారు.

తీశాను. ఆవిడ నిలబడి, పెన్సిల్ ఇచ్చారు. ఇరవై ఒకటో తేదీ వరసలో ఖాళీగా ఉన్న చోట రాశాను: ఉత్తర పల్లంలో, తూర్పు చెట్లలో మంచు ఈకలు, చిటికెన వేలి గోరంత, నిలబడి ఉన్నాయి. చూసినవారు అన్న గడిలో నా పేరు. ఎంతమంది అన్న గడిలో ఒకటి అని వేశాను.

ఆవిడ చదివి, కింద తన ముద్ర వేశారు.

"నెల రోజులు మీరు గేటు దాటకూడదు. ఎవరితోనైనా సరే," అన్నారు.

"సరే."

"గేటు దగ్గర కూర్చుని, వచ్చిన ప్రతి గుంపుకీ ఈ పేజీ చూపించి, ఆ పల్లం వైపు వెళ్ళొద్దని చెప్పాలి. ఎలా తెలిసిందని అడిగితే నిజం చెప్పాలి."

"సరే."

నాలుగడుగులు వేశాక మళ్ళీ అన్నారు. "వచ్చే ఏడు ఇరవై ఒకటిన నన్ను పిలవండి. ఇద్దరం వెళ్తే నియమం తప్పినట్టు కాదు. నాకూ మీ ఆవిడ గుర్తుంది. ముల్లంగి పచ్చడి మహా బాగా పెట్టేది."

నా జవాబు కోసం ఆగకుండా ముందుకు సాగిపోయారు.

గేటు దగ్గర వ్యాను సిద్ధంగా ఉంది. మురోయి స్కీలన్నీ పైకెక్కించి కడుతున్నాడు. తోబే బార్లీ టీ పోస్తోంది. మిగిలిన అన్నం ముద్దలు నిలబడే తిన్నాం. రైలుకి ఇంకా గంటన్నర ఉంది. అనెసాకి నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"మాస్టారూ, అందరి ముందూ నోరు విప్పడం తేలిక కాదు. నేనైతే విప్పలేకపోయాను."

ఏ విషయంలో విప్పలేకపోయాడో నాకు అర్థం కాలేదు. ఏదో మర్యాదకు అన్నాడనుకున్నాను.

కళ్ళద్దాలు మంచు పట్టాయని ఆయన జేబులోంచి రుమాలు లాగాడు. రుమాలుతో పాటు చిన్న కాగితం ఒకటి ఎగిరి వచ్చి మా ఇద్దరి బూట్ల మధ్య పడింది. మంచు మీద తెల్ల కాగితం. ఆయన కళ్ళకు అది కనబడే అవకాశమే లేదు.

పుదీనా బిళ్ళది. ఆయన తిన్నది పుదీనా. అయితే టోపీలో వేసింది నల్లది. తన పల్లాన్ని, తన ఆఖరి రోజుని తానే వద్దన్నాడు. తన కోసం ఆ ఇద్దరూ ఏ వాలైనా సరేనంటారని ఆయనకు తెలుసు. ఈకల సంగతి తెలియకపోయినా, ఆ సంగతి తెలుసు.

"ఏం బరువు పెట్టుకుని వచ్చారన్నా సంచిలో, రాళ్ళా?" అంటూ మురోయి ఆయన సంచి కోసం మా వైపు వస్తున్నాడు.

నేను బూటు జరిపి కాగితం మీద పెట్టాను.

వ్యాను కదిలి, మలుపు తిరిగేదాకా అలాగే నిలబడ్డాను. లోపల నుంచి మూడు చేతులు ఊగాయి. అవి కనబడకుండా పోయాక వంగి కాగితం తీసి, జేబులో నా తెల్ల కాగితం పక్కన పెట్టుకున్నాను. తలెత్తేసరికి కుమెతా గారు నా వైపే చూస్తున్నారు. వెంటనే గేటు తాళం వైపు తిరిగిపోయారు, అది వేసే ఉన్నా.

"మాస్టారూ, బీకన్ ఆపారా?" అన్నారు, అటు తిరిగే.

ఛాతీ మీద చిన్న ఎర్రదీపం ఇంకా కొట్టుకుంటోంది.

"ఆపలేదు."

"ఆపండి మరి. అందరం వచ్చేశాం."